అమెరికా కారుకు పోసిన పానకం

మొన్న ఆదివారం పేపరుతో వచ్చే పుస్తకంలో హైదరాబాదులో జరిగిన పాత కార్ల ప్రదర్శన గురించి రెండు పేజీల నిండా ఫోటోలు వేశారు. కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను. అన్నీ మన స్వాతంత్య్రానికి ముందు ఓడలెక్కి వచ్చిన పొడుగాటి అమెరికా కార్లు, తెల్ల అంచు టైర్లు, ముందు వైపు వెండిలా మెరిసే జాలీలు, పక్కన పెళ్లికొడుకుల తండ్రుల్లా నిలబడ్డ వాటి యజమానులు. మా మనవరాలు నా భుజం మీదుగా తొంగి చూసి, ఇవి నడుస్తాయా అమ్మమ్మా అసలు, అని అడిగింది. వాటిలో బెల్లం పోయకుండా ఉంటే నడుస్తాయే అనబోయి ఊరుకున్నాను. దానికి చెప్పాలంటే నా పెళ్లి దగ్గర మొదలుపెట్టాలి. ఆ పెళ్లి సంగతి ఎత్తాలంటే ఇన్నేళ్లయినా నాకు తల ఎత్తబుద్ధి కాదు. నా ఈడు వాళ్లైతే కాస్త అర్థం చేసుకుంటారన్న ధైర్యంతో ఇక్కడ చెబుతున్నాను.

నేను పుట్టింది దుర్గి దగ్గర పల్లెలో, కాపురానికి వచ్చింది నరసరావుపేటకు. ఎనభైల్లో మాట. మా మామగారిది బట్టల కొట్టు. మా అత్తవారింటికి ఆనుకునే, పిట్టగోడకు అవతల, ఒక సాయిబుల కుటుంబం ఉండేది. ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని ఆయన లారీలు, జీపులు బాగుచేసేవారు. మా వారు ఆయన్ను బాబాయి అనేవారు, ఆయన భార్యను పిన్ని అనేవారు, వీధి మొత్తానికి ఆయన షెడ్డు బాబాయే. చుట్టరికం లేకపోయినా వరస పెట్టి పిలుచుకోవడం మన వైపు కొత్తేమీ కాదు కదా. పేరు పెట్టి పిలిస్తే పరాయివాళ్లనుకునే రోజులవి.

షెడ్డులో ఒక వైపు లారీలకు, రెండో వైపు మొత్తం ఒక్క కారుకే. దాని అసలు పేరు బానెట్ మీద ఇంగ్లీషులో వెండి అక్షరాల్లో ఉండేది గానీ మా వీధికి అది అమెరికా కారు. ఎప్పుడో తెల్లదొరల కాలంలో ఒక జమీందారు ముచ్చటపడి తెప్పించుకుంటే ఓడ మీద మద్రాసు చేరి, అక్కడి నుంచి రోడ్డున వచ్చిందట. ఒకే వరుసలో ఎనిమిది సిలిండర్ల ఇంజను, వెనక సీటుకు పట్టు తెరలు, అద్దం పక్కన ఒక్క పువ్వు పెట్టుకునేందుకు చిన్న గాజు గొట్టం. ఆ రోజుల్లో రాజాలందరూ పోటీలు పడి ఇలాంటివి కొన్నారు. జమీలు పోయాక వాటికి పెట్రోలు పోయించే తాహతు ఎవరికుంది? కొన్ని సినిమా వాళ్ల పాలయ్యాయి, కొన్ని ఊరేగింపు బళ్లయ్యాయి, కొన్నిటి వెనక భాగం కోసేసి మిరపకాయల బస్తాలు తోలుకున్నారు, చాలావాటికి ఇంజను పీకేసి డీజిలు ఇంజను పెట్టేశారు. మా బాబాయి కారు మాత్రం అచ్చంపేట వైపు ఒక పాడుబడ్డ దివాణం చావిట్లో, వెనక సీట్లో కోడి పొదుగుతుండగా, కనపడిందట. ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చుకుని ఏళ్ల తరబడి బాగుచేసుకున్నారు. ఒక లైటు అద్దం బెజవాడలో, తలుపు పిడి మద్రాసులో, గడియారం ముల్లు బొంబాయి పాత సామాన్ల బజారులో. ఎక్కడైనా ఇలాంటి కారు ఒకటి చచ్చిపోయిందని కబురొస్తే దగ్గరి బంధువు పోయినట్టు ఆ పూటే బస్సెక్కేవారని పిన్ని నవ్వుతూ చెప్పేది.

బానెట్ కొసన రెక్కల్లాంటి చేతులు చాపి చక్రం పట్టుకున్న ఒక ఆడమనిషి బొమ్మ ఉండేది. ఆవిడ ఏ దేవతో మా వీధిలో ఎవరికీ తెలియదు గానీ, ఆవిడ నుదుటికి మాత్రం శుక్రవారం శుక్రవారం ఎవరో ఒకరు బొట్టు పెట్టేవారు. కారు మీద దుమ్ము పడితే ఒప్పుకోని మనిషి, ఆ బొట్టు తుడవకుండా చుట్టూ మాత్రం తుడుచుకునేవారు.

నా పెళ్లికి కొన్నాళ్ల ముందు హైదరాబాదు నుంచి పాత కార్లు పోగుచేసే పెద్దమనుషులు ఇద్దరు వచ్చి, ఒక పూటంతా కారు కింద పడుకుని, పైన ఎక్కి, చూసి, దసరా వెళ్లాక జరిగే ప్రదర్శనకు దీన్ని తీసుకురమ్మని చెప్పి వెళ్లారట. ఒకటే షరతు. కారుది కారుకే ఉండాలి, ముఖ్యంగా ఇంజను పుట్టినప్పటిదే అయి ఉండాలి. డీజిలు ఇంజను పెట్టుకోమని ఎంతమంది ఎన్నేళ్లు చెప్పినా వినకుండా కాపాడుకున్నది ఇందుకేనేమో అన్నంత సంబరపడ్డారట ఆయన. తనే నడుపుకుంటూ హైదరాబాదు దాకా వెళ్లాలని, వెనక సీట్లో పిన్నిని కూచోబెట్టుకోవాలని అనుకున్నారు. పిన్ని అన్నేళ్లలో ఆ కారులో రైలుగేటు దాటి ఎరగదు, ఎప్పుడు చూసినా అందులో ఏదో ఒకటి విప్పి ఉండేది కాబట్టి. ఈ ప్రయాణం కోసం లేత నీలం చీర ఒకటి కొనుక్కుని పెట్టెలో దాచుకుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ముందే తెలిసి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు, బహుశా ఏమీ చేసేదాన్ని కాదు.

మా మామగారికి ఆర్భాటం పాలు కాస్త ఎక్కువ. పెళ్లికొడుకు అమెరికా కారులో దిగాలని ఆయన పట్టు. బాబాయి పెళ్లిళ్లకు ఆ కారు ఇచ్చేవారు కాదు. ఊరేగింపులో మేళం వెనక నత్తలా నడిపిస్తే ఆ ఇంజనుకు గాలి తగలక వేడెక్కిపోతుందని చెప్పి చూశారట. అయినా గోడకు గోడ ఆనుకున్న ఇల్లు, చిన్నప్పుడు తన షెడ్డులోనే ఆడుకున్న పిల్లవాడి పెళ్లి, ఎలా కాదంటారు? తనే నడుపుతానని, బానెట్ మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదని మాట తీసుకుని ఒప్పుకున్నారు.

వైశాఖం ఎండలు మన పల్నాడులో ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. కాలవ కట్టేసి ఉంది, చేలన్నీ నెర్రెలిచ్చి ఉన్నాయి. మగపెళ్లివారు సాయంత్రానికి ఊరి పొలిమేరకు వస్తారని, ఎదురుకోలుకు మావాళ్లు మేళంతో, పానకం బిందెలతో బయలుదేరారు. ఆ పానకం నేనూ మా మేనత్తా కలిపి చేసిందే. పెళ్లికూతురు పని చేయకూడదంటున్నా వినకుండా, బెల్లం నలగ్గొట్టి, మిరియాలూ యాలకులూ దంచి నేనే కలిపాను. పేట వాళ్లకు పల్చటి పానకం పోస్తే పల్లెటూరి వాళ్లు పిసినారులని నవ్వుకుంటారని ఇంకో అచ్చు బెల్లం వేయించింది కూడా నేనే. ఆ మాట ఎందుకు అన్నానా అని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

పొలిమేర దగ్గర జరిగింది నేను చూడలేదు. బిందెలు మోసినవాళ్లలో మా పెద్దన్నయ్య ఉన్నాడు కాబట్టి తెలిసింది. పక్క ఊరి నుంచీ కుర్రకారు కారు ముందు చిందులు వేస్తూ ఉంటే, ఆ ఎండలో కారు గంటసేపు పాకుతూ వచ్చి, మావాళ్లు ఎదురుపడే సమయానికి బానెట్ లోంచి ఆవిరి చిమ్మిందట. బాబాయి ఇంజను ఆపేసి, చల్లారేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి, డబ్బా పట్టుకుని దూరంగా కనబడుతున్న బోరింగు వైపు వెళ్లారు. పెళ్లికొడుకు దిగి నాలుగడుగులు నడిస్తే గొడవే లేదు. కానీ బావమరిది వచ్చి చెయ్యి పట్టుకుని విడిదింటి ముందు దించేదాకా పెళ్లికొడుకు కాలు నేల మీద పెట్టకూడదని మా వైపు పట్టింపు. కాబట్టి మా వారు బాసికం కట్టుకుని ఆ పట్టు తెరల మధ్య కుక్కిన పేనులా కూచున్నారు. ఎండ దిగుతోంది, ముహూర్తం తరుముతోంది. ఆ రోజు పెత్తనమంతా మా అత్తగారి తమ్ముడిది, అంటే మా వారి మేనమామది.

"ఏందిరా ఈ నిలబడటం? నీళ్లేగా అది అడిగేది. ఇయ్యీ నీళ్లే, కాకపోతే బెల్లం ఏశారు. పొయ్యండి!" అన్నాడట ఆయన.

మా అన్నయ్య వద్దనబోయాడు గానీ ఆడపెళ్లివారు మగపెళ్లివారి మాటకు ఎదురు చెప్పే కాలమా అది? సలసల కాగుతున్న ఆ ఇంజనులోకి బిందెడున్నర చల్లటి పానకం, మిరియాలతో సహా పోసి మూత బిగించారు. బాబాయి డబ్బాతో రొప్పుకుంటూ వచ్చేసరికి నీళ్లు పోసేశాం పదమన్నారు. ఆయన ఒకసారి అందరి ముఖాలూ చూసి, పెళ్లివారిని కాదనలేక, ఇంజను తిప్పారు. కారు కదిలింది. కాసేపటికే అరిసెలు వండుతున్న ఇంట్లో వచ్చే పాకం వాసన ఊరంతా కొట్టింది. ఆ వాసన నేను లోపల గదిలో కూచుని పీల్చాను. మా ఇంటి ముందుకు వచ్చి టంగుమని లోపల ఏదో పగిలిన చప్పుడుతో కారు ఆగిపోయింది. పదిమంది కలిసి విడిది దాకా తోశారు. జనం నవ్వులు నాకు వినిపించాయి. కిటికీలోంచి చూస్తే చేతిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఒకాయన కారు పక్కన నిలబడి ఉన్నాడు, భోజనాలకు ఎంత పిలిచినా రాలేదు. బాబాయిని నేను మొదటిసారి చూడటం అదే.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా కారు మీదకు పోయింది. డొక్కు కారు తెచ్చి పెళ్లివారి పరువు తీశాడన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. నేను పేటకు కాపురానికి వచ్చిన వారానికి వీధిలో ఇంకో మాట పుట్టింది. అన్నేళ్లు దర్జాగా ఉన్న కారు ఆ పిల్ల గుమ్మం ముందే ఆగిపోయిందంటే ఆ పిల్ల పాదం ఎలాంటిదో చూసుకోండని. మా అత్తగారు ఆ మాటకు ఔననలేదు, కాదనలేదు. లారీ వెనక కట్టుకుని కారును ఇంటికి చేర్చిన బాబాయి, రేడియేటరు విప్పి అందులో ఏముందో చూసి ఉన్నారప్పటికే. ఒక రోజు పొద్దున మా అరుగు మీద నలుగురు కూచుని అదే మాట ముచ్చటించుకుంటుంటే ఆయన వచ్చి నిలబడ్డారు. నేను తలుపు వెనక ఉన్నాను.

"అన్నా, పిల్లనేమీ అనబాకండి. నా బండే పాతది, నేనే చూసుకోలా. చానా రోజుల్నుంచి లోపల దెబ్బతిని ఉంది," అన్నారు మా మామగారితో.

ఆ కారును ఎవరు ఒక్క మాట అన్నా మూడు రోజులు మాట్లాడని మనిషి ఆయన. మా అత్తగారి తమ్ముడు కూడా ఆ రోజు అరుగు మీదే ఉన్నాడు. తేలు కుట్టిన దొంగలా కళ్లు వాల్చి, చుట్ట ఆరిపోయినా పీలుస్తూ కూచున్నాడు. నాకు నిజం తెలుసు. అప్పగింతలప్పుడే మా అన్నయ్య చెవిలో వేశాడు. నేను ఒక్కదాన్నైనా తలుపు తోసుకుని వెళ్లి పోసింది ఎవరో చెప్పి ఉంటే ఆయన పరువూ, ఆయన కారు పరువూ రెండూ దక్కేవి. కొత్త కోడలిని. అత్తగారికి ఉన్న ఒక్క తమ్ముడాయన. నిజం చెబితే పాదం మంచిదయ్యేది గానీ కాపురం ఏమయ్యేదో. ఇలా అనుకుని కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. మా వారిని గదిలో అడిగితే, మామయ్యను ఏమంటామే, అని అటు తిరిగి పడుకున్నారు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం నోరు మూసుకున్నాం.

ఇంతలో చీమలు బయలుదేరాయి. ఎక్కడి నుంచి వచ్చాయో, రోడ్డు కాలవ దాటి, మా గుమ్మం పక్క నుంచి, పిట్టగోడ ఎక్కి దిగి, షెడ్డులోకి, ఆ కారు ముక్కులోకి, ఎర్రటి బారు. పొద్దున ముగ్గు వేద్దామని వస్తే నా ముగ్గు మీదుగా నడిచిపోతుండేవి. ఇనప ఇంజనుకు చీమలు పట్టడమేమిటని వచ్చేపోయేవాళ్లు నిలబడి వింతగా చూసేవారు. బాబాయి రేడియేటరునూ, ఇంజను లోపల నీళ్లు తిరిగే దారుల్నీ వేడినీళ్లతో కడగడం మొదలుపెట్టారు. మాడి నల్లగా గట్టిపడ్డ బెల్లం కొంచెం కొంచెంగా కరిగి కారుతుండేది. వాళ్లింట్లో కట్టెలు చాలడం లేదని తెలిసి, నేను మా దొడ్లో కాగులో నీళ్లు కాచి గోడ మీద నుంచి పిన్నికి బిందెలు అందించేదాన్ని. ఎందుకే ఈ చాకిరీ అని అత్తగారు ఒకటి రెండుసార్లు అని ఊరుకుంది. వర్షాలు పడేదాకా రోజూ అందించాను. పిన్ని బిందె అందుకుంటూ, చల్లగా ఉండు తల్లీ, అనేది. ఆవిడ ముఖంలోకి చూడలేక బిందె అంచు వైపు చూసేదాన్ని.

బెల్లం పోయింది గానీ ఇంజను బాగుపడలేదు. చల్లటి పానకం పడిన ఆ క్షణాన కాలిన ఇనుములో సన్నటి పగులు పుట్టిందట. అతికిస్తే నాలుగు రోజులకే మళ్లీ విచ్చుకునేది. అలాంటి ఇంజను దిమ్మ కోసం బాబాయి బొంబాయి దాకా వెళ్లి ఉత్తచేతులతో వచ్చారు. డీజిలు ఇంజను పెట్టేసుకుని హాయిగా తిరగవయ్యా అని స్నేహితులు మళ్లీ చెప్పారు. అలా తిరగడానికైతే జీపు చాలదా అన్నారట ఆయన. దసరా వచ్చింది, వెళ్లింది. హైదరాబాదులో ప్రదర్శన జరిగిపోయింది. ఆ రంజానుకు పిన్ని నీలం చీర కట్టుకుని మా ఇంటికి సేమ్యా గిన్నె తెచ్చింది. చీర చాలా బాగుంది పిన్నీ అన్నాను. ఎంత సిగ్గులేకుండా అన్నానో!

ఆ తర్వాత ఎప్పుడో ఆ పెద్దమనుషులే మళ్లీ వచ్చారు. పగిలిన ఇంజను చూసి నొచ్చుకున్నారు. కారు ఇక ప్రదర్శనలకు పనికిరాదు గానీ దీని భాగాలు పెట్టుకుంటే ఇంకో కారు బతుకుతుందని అడిగితే బాబాయి రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు. లైట్లు, గడియారం, తలుపు పిడులు, ఆయన ఊరూరూ తిరిగి పోగుచేసినవన్నీ ఒక్కొక్కటే ఆయనే విప్పి గోనెగుడ్డల్లో చుట్టి ఇచ్చారు. చక్రం పట్టుకున్న బొమ్మను విప్పేటప్పుడు మాత్రం వీధిలో ఆడవాళ్లందరం వచ్చి నిలబడ్డాం. మా అత్తగారి తమ్ముడు అరుగు మీద నుంచి, పాత ఇనపసామానుకు ఇంత మర్యాదేందిరా అని నవ్వాడు. బాబాయి విన్నారు. తల ఎత్తలేదు. నేనూ విన్నాను. లోపలికి వెళ్లి పొయ్యి మీద పాలు చూసుకున్నాను.

తర్వాత మేం గుంటూరు వచ్చేశాం. మేనమామ పోయాడు, అత్తగారు పోయింది, మా వారు కూడా వెళ్లిపోయారు. నిజం చెప్పడానికి ఇక అడ్డమెవరూ లేరు, అయినా ఏదో ఒక పని అడ్డం వచ్చేది. నాలుగేళ్ల కిందట బాబాయి పోయారని తెలిసి పిన్నిని పలకరించడానికి వెళ్లాను. షెడ్డు ఉన్నచోట సెల్ ఫోన్ల కొట్టు ఉంది. పిన్ని నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చి, అటూ ఇటూ మాట్లాడుతూ ఒక మాట చెప్పింది.

"మీ బాబాయి ఎప్పుడూ అంటుండేవాడమ్మా, ఆ పిల్లకు అంతా తెలుసు, నోరు తెరవలేక రోజూ నీళ్లు కాచి పంపింది, అంతకన్నా ఏం చేస్తది పాపం అని."

అంటే ఆయనకు అంతా తెలుసన్న మాట. నాకు తెలుసని కూడా తెలుసు. తెలిసి కూడా నా తరఫున ఒక క్షమాపణ ఆయనే ఊహించుకుని, అది అందిందనుకుని, నా మీద కోపం లేకుండా వెళ్లిపోయారు. కానీ నిజం ఏమిటో నాకు తెలుసు. ఆ నీళ్లు నేను కాచింది ఆయన కారు బాగుపడాలని కాదు. ఆ చీమల బారు చూసి ఎవరైనా అందులో బెల్లం ఉందని పట్టేస్తారని, ఆ బెల్లం మా ఇంటిదని బయటపడుతుందని, అది త్వరగా కడుక్కుపోతే బాగుండునని భయపడి కాచాను. ఆయన పశ్చాత్తాపమనుకున్నది నా పిరికితనం. పిన్నికి ఆ మాట చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆవిడ ఇచ్చిన టీ తాగి, వెళ్లొస్తాను పిన్నీ అని వచ్చేశాను.

ఇప్పుడు పెళ్లికి కారు కావాలంటే ఫోను చేస్తే వస్తుంది. డ్రైవరూ వాడే, పూలూ వాడే, చెడిపోతే బాగుచేయించుకునేదీ వాడే, మర్నాటికి ఎవరి ముఖం ఎవరికీ గుర్తుండదు. మా మనవరాలు రోజుకు పదిసార్లు సారీ చెబుతుంది, కాలు తగిలితే సారీ, గ్లాసు ఒలికితే సారీ. అంత చవకైన మాటేమిటే అని విసుక్కునేదాన్ని. ఈమధ్య విసుక్కోవడం లేదు. మా కాలంలో మేం ఒకరి కోసం ఒకరం పరువులు కాపాడుకున్నామని, వరసలు పెట్టి పిలుచుకున్నామని గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆ వరసల మాటున ఎంత మింగేశామో ఎవరం చెప్పుకోం. పిన్ని ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. చూపు కాస్త తగ్గిందట. గుంటూరు నుంచి పేటకు బస్సులకేం కొదవ లేదు. నేను మళ్లీ వెళ్లలేదు.